‘మా కుక్క ఎవరినీ ఏమీ అనదు’: ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

చెన్నైలోని తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులలో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. “మా కుక్క మా ఇంటి బిడ్డ. అది ఎవరినీ కరవదు. మొరిగే కుక్క కరవదని పెద్దలే చెప్పారు. భయపడి పరుగెత్తేవారే దాన్ని రెచ్చగొడుతున్నారు. మెడకు తాడు కట్టడం జంతుహింస చట్టం ప్రకారం నేరం. వీధి కుక్కలకు లేని తాడు మా కుక్కకెందుకు? పైగా టీకాలన్నీ వేయించాం కాబట్టి కరిచినా ప్రమాదం లేదు” అన్నది దాని సారాంశం. దీనిని పంపుతున్నవారిలో చాలామంది కుక్కలను ప్రాణంగా చూసుకునేవారే. మా ఇంట్లోనూ కుక్క ఉంది. అయినప్పటికీ ఇందులోని ప్రతి వాక్యమూ తాడు పట్టుకోవలసిన మనిషి బాధ్యతను దారిన పోయేవారి నెత్తిన పెడుతోంది గనుక ఒక్కొక్క మాటకూ సమాధానం చెప్పక తప్పదు.

మొదటి మాట, కుక్క ఎవరినీ కరవదన్నది. యజమాని అబద్ధం చెబుతున్నాడని నేననను. ఆయన చెప్పగలిగేది ఇంతవరకు జరిగిన దాని గురించే. ఇంట్లో సోఫా పక్కన పడుకుని తోక ఊపే కుక్క, గేటు దాటగానే హారన్ల మోత, పక్కనుంచి దూసుకుపోయే సైకిలు, ఎదురుపడిన మరో కుక్క, దీపావళి రోజుల్లో టపాసుల శబ్దం, వీటన్నింటి మధ్యా అదే ప్రాణి అయినా అదే స్థితిలో ఉండదు. చెవిపోటుతోనో కీళ్ళ నొప్పితోనో ఉన్న కుక్కను ముద్దుగా తడిమినా అది కరవవచ్చు. భయంతో కరిచే కుక్కలు కోపంతో కరిచే వాటికంటే తక్కువేమీ కాదు. మొరగడమూ గుర్రుమనడమూ దగ్గరికి రావద్దనే హెచ్చరికలు. సామెతను నమ్ముకుని ఆ హెచ్చరికను పట్టించుకోకపోతే తర్వాతి మెట్టు కాటే. తోక ఊపుతున్నంత మాత్రాన స్నేహంగా ఉన్నట్టు కాదని కుక్కలకు శిక్షణ ఇచ్చేవారంతా చెబుతారు.

ఈ నగరంలో దీనికి దూరపు ఉదాహరణలు వెతకనక్కరలేదు. 2024 మే నెలలో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని ఒక పార్కులో ఐదేళ్ళ పాపపై రెండు రాట్‌వైలర్ కుక్కలు పడి తలను తీవ్రంగా గాయపరిచాయి. విడిపించబోయిన తల్లికీ గాయాలయ్యాయి. పోలీసులు కేసు పెట్టి యజమానిని అరెస్టు చేశారు. 2025 ఆగస్టులో జాఫర్‌ఖాన్‌పేటలో ఒక పెంపుడు పిట్‌బుల్ కుక్క దాడి చేయడంతో ఒక మనిషి ప్రాణమే పోయింది. ఆపబోయిన యజమానురాలిని కూడా అది కరిచింది. ఈ రెండో సంఘటన నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. ఎందుకంటే కుక్క కంటికి ఎదురుగా ఉండడం వేరు, దానిని పట్టి నిలపగలగడం వేరు. ముప్ఫై నలభై కిలోల కుక్కను పదేళ్ళ పిల్లవాడి చేతికిచ్చి కిందికి పంపే ఇళ్ళు మన అపార్ట్‌మెంట్లలోనే ఉన్నాయి. అక్కడ తాడు ఉన్నా అది పేరుకే.

కాటు ఒక్కటే హాని అనుకోవడం కూడా పొరపాటు. ఆడుకోవాలన్న ఉత్సాహంతో కుక్క మీదికి ఎగిరితే డెబ్బై ఏళ్ళ పెద్దావిడ వెల్లకిలా పడవచ్చు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్ళీ లేచి తనంతట తాను నడవడమే కష్టం. రోడ్డుకు అడ్డంగా పరుగెత్తిన కుక్కను తప్పించబోయి స్కూటరు మీదివారు పడిపోతారు. ఆ కుక్క నిజంగానే ఎవరినీ కరవనిదై ఉండవచ్చు; పడిన వారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక పరుగెత్తేవారిదే తప్పన్న వాదన. పరుగెత్తితే కుక్క వెంటపడుతుందన్నది నిజమే, కదలకుండా నిలబడమని పిల్లలకు నేర్పడం మంచిదే. అయితే అది ఆపదలో తనను తాను కాపాడుకునే ఉపాయం మాత్రమే. దాన్ని పాటించలేదని ఐదేళ్ళ బిడ్డను దోషిగా నిలబెట్టడం అన్యాయం. చిన్నపిల్లల ముఖం చాలా కుక్కల నోటికి దాదాపు సమాన ఎత్తులో ఉంటుంది, అందుకే వారికి గాయాలు తల మీదా ముఖం మీదా ఎక్కువగా అవుతాయి. చిన్నప్పుడెప్పుడో కాటు తిని ఆ భయాన్ని జీవితమంతా మోస్తున్నవారు ఉన్నారు, కుక్కంటే ఇష్టం లేనివారూ ఉన్నారు. మెట్ల మీద, లిఫ్టులో, కాలిబాట మీద వారికున్న హక్కు కుక్కను ప్రేమించడం అనే షరతుకు లోబడినది కాదు.

సందేశంలో అన్నిటికంటే ఎక్కువమందిని తప్పుదారి పట్టిస్తున్నది చట్టం పేరు చెప్పిన వాక్యం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్‌ను తెరిచి చదివితే కట్టి ఉంచడం గురించి అందులో నేరంగా చెప్పినవి రెండు సంగతులు కనిపిస్తాయి: జంతువును మరీ పొట్టిదైన లేదా మరీ బరువైన గొలుసుతో అసమంజసమైన సమయం పాటు కట్టి ఉంచడం ఒకటి, ఎప్పుడూ కట్టేసి ఉంచే, ఇరుకులో బంధించి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం లేకుండా చేయడం మరొకటి. నడకకు తీసుకెళ్ళేటప్పుడు చేతిలో తాడు పట్టుకోవడాన్ని ఆ చట్టం ఎక్కడా తప్పు పట్టలేదు. కుక్కకు తగిన వ్యాయామం ఉండాలని అది కోరుతోంది, జనం తిరిగే ఊరిలో ఆ వ్యాయామానికి వీలు కల్పించేది తాడే. రోజంతా బాల్కనీలో గొలుసుతో కట్టేసి, సాయంత్రం అరగంట కిందికి విచ్చలవిడిగా వదిలేసేవారు ఈ చట్టాన్ని ఎత్తి చూపడం నాకు బాధ కలిగిస్తుంది.

వారు చదవవలసిన మరో సెక్షన్ ఉంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గాని, తీవ్ర గాయానికి గాని అవకాశమున్న ప్రమాదాన్ని నివారించడానికి సరిపడే జాగ్రత్త తెలిసి గాని, నిర్లక్ష్యంతో గాని తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇదే 289వ సెక్షన్‌గా ఉండేది, అప్పుడు జరిమానా 1,000 రూపాయలు. ఈ సెక్షన్ కాటు పడేదాకా ఆగమని చెప్పడం లేదు. జాగ్రత్త తీసుకోకపోవడమే అక్కడ నేరం. కరవలేదు కదా అన్న సమాధానానికి అందువల్ల విలువ లేదు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు చేసే తప్పు కూడా చెప్పాలి. కుక్కలను పెంచకూడదని, లిఫ్టు ఎక్కించకూడదని నిషేధాలు పెట్టే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే స్పష్టం చేసింది. ఆ రక్షణ పెంచుకునేవారికి ఉండవలసిందే. నిషేధాన్ని ఎదిరించే హక్కు ఉన్నంత మాత్రాన తాడు విప్పే హక్కు రాదు.

వీధి కుక్కలతో పోలిక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధి కుక్కల టీకాలను, సంతాన నిరోధక శస్త్రచికిత్సలను స్థానిక సంస్థలకు అప్పగించాయి. పెంపుడు జంతువుల విషయంలో ఆ బాధ్యత యజమానిదే. కార్పొరేషన్ తన పని సరిగా చేయడం లేదంటే గట్టిగా అడగాలి, నేనూ అడుగుతాను. ఆ లోపం మరొకరి నిర్లక్ష్యానికి అనుమతి పత్రం కాదు. అంతేగాక వీధి కుక్కలకు తమ తమ హద్దులుంటాయి. తాడు లేని పెంపుడు కుక్క ఆ హద్దులోకి పరుగెత్తితే ముందుగా గాయపడేది అదే.

చివరిది టీకా సంగతి, నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ఏటేటా టీకా వేయించడం వల్ల ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది, అందుకే చెన్నై కార్పొరేషన్ పెంపుడు కుక్క లైసెన్సుకు టీకా ధ్రువపత్రాన్ని అడుగుతుంది. కరిపించుకున్న మనిషికి మాత్రం ఆ పత్రం కుక్క మెడలో కనిపించదు. వెంటనే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయాన్ని కడుక్కోవాలి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చర్మంలోకి వేసే పద్ధతిలోనైతే మొదటి రోజుతో పాటు 3, 7, 28వ రోజుల్లో కూడా సూది వేయించుకోవాలి. చర్మం తెగి రక్తం వస్తే ఆ గాయంలోనే, రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందును ఎక్కించాలి. ధనుర్వాతం సూది, చీము పట్టకుండా మందులు, కూలికి వెళ్ళేవారైతే పోయిన రోజుల జీతం, ఇవన్నీ కుక్కకు టీకా వేయించినా తప్పవు. ‘మాది టీకా వేసిన కుక్కే’ అన్న మాట నమ్మి ఆసుపత్రికి వెళ్ళడం మానుకోమని ఎవరికీ సలహా ఇవ్వకూడదు. కరిచిన కుక్కను పది రోజుల పాటు గమనించాలని వైద్యులు చెబుతారు గనుక యజమాని తన పేరు, ఫోను నంబరు ఇచ్చి, టీకా పుస్తకం చూపించి, వైద్యపు ఖర్చు భరించి, ఆ పది రోజులూ కుక్కను ఇంట్లోనే ఉంచి, దానిలో ఏ మార్పు కనిపించినా అదే రోజు బాధితుడికీ పశువైద్యుడికీ తెలియజేయాలి.