ఇరకానికి దారి

భీములవారిపాలెం రేవులో పొద్దున్నే కాసేపు నిలబడితే పులికాట్ సరస్సులోని ఇరకం దీవి సంసారమంతా కళ్ళకు కడుతుంది. అటునుంచి వచ్చే పడవలో రొయ్యల బుట్టలు, పీతల గోతాలు, పుస్తకాల సంచులు ఒళ్ళో పెట్టుకున్న పిల్లలు. ఇటునుంచి పోయే పడవలో బియ్యం మూటలు, గ్యాసు బండలు, ఆస్పత్రికి వచ్చి తిరిగి వెళుతున్న ముసలివాళ్ళు. నీళ్ళు పలచబడిన చోట ఇంజను ఆపి గడ వేసి నెట్టాల్సిందే. పులికాట్ సరస్సు లోతు చాలా చోట్ల మీటరుకు మించదు. వేసవిలో అదీ ఉండదు.

చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. శీతాకాలం వస్తే రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, దిగుతాయి. కాళ్ళతో బురద కలియదొక్కుతూ, తల కిందులుగా వంచి, ముక్కుతో నీళ్ళు వడగట్టుకుంటూ అవి మేత మేసే తీరు పిల్లలకు ఒక్కసారైనా చూపించాలి. నేలపట్టులో గూడబాతులు, వేనాడులో దర్గా, 2001లో సూళ్ళూరుపేటలో మొదలైన ఫ్లెమింగో పండుగ... ఇన్ని ఉన్నాయి కనుక జనం వస్తున్నారు. రావాలి కూడా. అయితే పండుగకు వచ్చినవాళ్ళు మూడు రోజులు ఎక్కే పడవ, దీవిలో ఉన్నవాళ్ళకు ఏడాది పొడుగునా గతి. అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే ఆ ఇంటివాళ్ళు చూసేది రేవు వైపే.

వంతెన కావాలని ఇరకం ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. ఆ కోరిక న్యాయమైనదే. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాం: అది మట్టికట్ట కాకూడదు, స్తంభాల మీద నిలిచిన వంతెనే కావాలి. శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు రాకపోకలకు ఎంత మేలు చేసిందో, నీటి నడకకు అంత అడ్డం పడింది. ఆ రోడ్డుకు ఉత్తరాన సరస్సు ముందే ఎండిపోతోంది. అదే తప్పు రెండోసారి చేస్తే దీవికి దారి దొరుకుతుంది గానీ బతుకుతెరువు పోతుంది. రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్న బాధ ఇప్పటికే ఉంది. పోటు నీళ్ళు లోపలికి రాకపోతే రొయ్య పిల్ల రాదు. రొయ్య లేక వల ఖాళీగా వస్తే పడవకు డీజిలు ఖర్చు కూడా గిట్టదు. పూడిక తీత ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు. సముద్రం ఇసుకను మళ్ళీ తెచ్చి పోస్తూనే ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న ఇరకం ఉన్న తడ మండలం, సూళ్ళూరుపేట నెల్లూరు జిల్లా నుంచి విడిపోయి తిరుపతి జిల్లాలో కలిశాయి. కాగితం మీద గీత మారినా ఇరకం వాళ్ళు నెల్లూరుకు పరాయివాళ్ళు కారు. అందుకే ఈ మాట నెల్లూరువాళ్ళం మేమే రాస్తున్నాం. వంతెన వచ్చేదాకా రేవులో పడవ ఆనుకునేందుకు గట్టి మెట్లు, పిల్లల ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్లు, రాత్రిళ్ళు రోగుల కోసం ఒక పడవ సిద్ధంగా ఉంచాలి. వచ్చే పక్షుల పండుగకు పందిళ్ళు వేసేలోపు ఈ మూడూ జరగాలి.