పైన పటారం, లోన మిల్లింగ్ మెషిన్

పాత మిల్లింగ్ మెషిన్‌ను (టేబుల్ మీద బిగించిన లోహపు ముక్కను తిరిగే కట్టర్‌తో చెక్కే యంత్రాన్ని) బాగు చేయించుకోవాలా, తుక్కు కింద తూకానికి వదిలేయాలా అన్న చిక్కు ప్రశ్నకు సెకండ్ హ్యాండ్ అమ్మకందార్లు ఎప్పుడో జవాబు కనిపెట్టేశారు. దాని పేరు స్ప్రే గన్. "మొత్తం రీకండిషన్ చేసిందండీ" అంటారు. ఏమేం చేశారయ్యా అంటే "కళ్లెదుట కనిపిస్తోందిగా" అంటారు. నిజమే, రంగు తప్ప ఇంకేదీ కనిపించదు.

ఈ విద్య సామాన్యమైంది కాదు. భాగాలు విప్పి, జిడ్డు కడిగి రంగు వేయడం పామరుల పద్ధతి. పండితులు ఏదీ విప్పరు. నిలబడ్డ మెషిన్‌కు నిలబడ్డట్టే, కరెంటు వైరుతో సహా పూసేస్తారు. నూనె ఎక్కించే ఆయిల్ నిపుళ్లు మూసుకుపోతాయి. పోనీ, దుమ్ము పడదు. ఆయిల్ లెవెల్ చూపే గాజుబిళ్ల మీదా ఒక పూత. లోపల నూనె ఉందా లేదా అన్న బెంగ కొనేవాడికి తప్పుతుంది. టేబుల్‌ను నడిపే హ్యాండ్‌వీల్ డయల్ మీద కొలత గీతలు మాయం. బ్యాక్‌లాష్ (చక్రం వెనక్కి తిప్పినా టేబుల్ కదలని వదులు) అర మిల్లీమీటరు ఉన్నచోట గీతలు లెక్కపెట్టి చేసేదేముంది? గైడ్‌వే (టేబుల్ జారే దారి) మీద లోహపు పొట్టు తుడవాల్సిన ఫెల్టు వైపర్లు రంగు తాగి బిగుసుకుపోతాయి. టేబుల్ మీద ఎవడెవడో డ్రిల్లు దించిన గుంటలకు లప్పం. నేమ్‌ప్లేటు కూడా మునిగిపోతే మరీ శుభం, వయసు అడిగే అమర్యాద ఎవరూ చేయరు.

తర్వాత ప్రదర్శన. అమ్మేవాడు హ్యాండ్‌వీల్‌కు రెండు వేళ్లు తగిలించి టేబుల్‌ను అటు నాలుగంగుళాలు, ఇటు నాలుగంగుళాలు నడిపిస్తాడు. వెన్నలో కత్తి దిగినట్టు సాగుతుంది.

"చూశావా తమ్ముడూ, ఎంత ఫ్రీగా ఉందో!"

సలహా చెప్పడానికి వెంటవచ్చిన పెద్దమనిషి కాలమ్‌ను (మెషిన్ నిలువు స్తంభాన్ని) అరచేత్తో చరిచి, "ఏం పోత! ఇలాంటి ఇనుము ఇప్పుడు వస్తుందా?" అంటాడు. పోత ఎంత బరువున్నా ముక్కలో గాడి వంకర తెగుతుంటే ఏం లాభమని ఎవరూ అడగరు. తమ్ముడు టేబుల్‌ను చివరిదాకా తిప్పబోతాడు. "అటెందుకు అన్నా, అక్కడ మనకు పనుండదు" అని అమ్మేవాడు చెయ్యి అడ్డం పెడతాడు. వినయం పెరిగి తమ్ముడు కాస్తా అన్న అయ్యాడంటే అక్కడే ఏదో ఉంది.

ఉన్నది అరుగుదల. పని ఎక్కువగా టేబుల్ నడుమే జరుగుతుంది కాబట్టి గైడ్‌వే కూడా అక్కడే తరుగుతుంది. నడుమ వదులు లేకుండా గిబ్ (గైడ్‌వే సందును సరిచేసే పట్టీ) బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. చివర్లలో కదిలేలా వదిలితే నడుమ ఊగుతుంది. గిబ్ స్క్రూ ఎంత తిప్పినా ఈ రెంటికీ పొత్తు కుదరదు. చేయాల్సిందల్లా గిబ్‌ను నడుమ సరిచేసి రెండు కొసలకూ నడిపి చూడటం. ఆపైన టేబుల్‌ను ఒక పక్కకు జరిపి, శాడిల్ (టేబుల్‌ను మోసే భాగం) మీద డయల్ గేజ్ (సూక్ష్మ కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) నిలిపి, టేబుల్ కొసను చేత్తో పైకెత్తాలి. ముల్లు 0.02 మి.మీ.లోపు ఆగితే బేరం మొదలుపెట్టవచ్చు. 0.1 దాటిందా, మీరు కొంటున్నది మెషిన్ కాదు, స్క్రేపింగ్ పని, అంటే తలాన్ని చేత్తో గీకి చదును చేసే చాకిరీ.

టేబుల్‌ను నడిపే పొడవాటి మర, లీడ్ స్క్రూదీ అదే తంతు. బ్యాక్‌లాష్ ఎంతుందన్నది కాదు, ఎక్కడెంతుందన్నది చూడాలి. పొడవునా 0.3 ఉంటే నట్టు అరిగింది. సర్దుకునే నట్టయితే బిగించవచ్చు, లేదంటే మార్చవచ్చు. నడుమ 0.5, చివర 0.1 ఉంటే స్క్రూయే అరిగింది. కొత్త నట్టు వేసినా నడుమ వదులే, బిగిస్తే చివర పట్టుడే.

జనం మాత్రం వీటిని చూడరు, మోత వింటే పారిపోతారు. కట్టర్‌ను తిప్పే స్పిండిల్ బేరింగ్ గరగరమన్నా, మోటారు కాలినా, బెల్టు చీలినా మార్చుకునే సామానే. ఖరీదైనవైనా స్పిండిల్‌కు వేసే యాంగ్యులర్ కాంటాక్ట్ రకం బేరింగుల జత దొరుకుతుంది. త్రీ ఫేజ్ మోటారుకు సింగిల్ ఫేజ్ నుంచి కరెంటివ్వడానికి వీఎఫ్‌డీ అనే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంది. 1938లో వచ్చిన అమెరికా మెషిన్ బ్రిడ్జ్‌పోర్ట్ రకమైతే దాని నకళ్లు దేశదేశాల్లో తయారయ్యాయి, విడిభాగాలకు కొరత లేదు. తుప్పుపట్టి, మోత మోగుతూ, గైడ్‌వే మీద కంపెనీనాటి స్క్రేపింగ్ గుర్తులు పొడవునా మిగిలిన వికారపు మెషిన్‌కే నా ఓటు.

ఆ గుర్తులకూ నకిలీ పుట్టింది. అరిగిన గైడ్‌వే మీద గ్రైండర్‌తో చంద్రవంకలు చెక్కి "హ్యాండ్ స్క్రేప్డ్" అంటున్నారు. కింద పాత గాడి కనిపిస్తూనే ఉంటుంది, దాని మీంచే చంద్రవంక వెళ్తుంది. ఇది అజ్ఞానం కాదు, దొంగతనం. గీత ఎక్కడ పడిందో చూసి మరీ దాని మీద గ్రైండర్ పెట్టిన చెయ్యి అది. దీన్ని అంటగట్టేది అప్పు తెచ్చి మొదటి షాపు పెట్టుకునే కుర్రాడికి. కొలత తప్పిన ప్రతిసారీ వాడు తన చేతి పనితనాన్నే తిట్టుకుంటాడు, ముక్క వెనక ముక్క పారేస్తాడు. అసలు దీన్ని ఈ గతికి తెచ్చినవాడిని ఇంకేమనాలి? పూటకోసారి పంపు లాగి నూనె పంపడానికి ఒళ్లు వంగక ఆయిల్ నిపుల్‌కు గ్రీజు గన్ తగిలించాడు. గ్రీజు సన్నని దారుల్లో గడ్డకట్టింది, గైడ్‌వే ఎండిపోయింది, పొట్టు గ్రీజులో చిక్కుకుని ఆకురాయి పని చేసింది. పోత మంచిదే, చచ్చింది నిర్లక్ష్యంతో. చంపినవాడే మళ్లీ రంగేసి అమ్ముతున్నాడు, సిగ్గు లేకుండా.

నిజంగా రీకండిషన్ అంటే ఏమిటో కాస్త లెక్క వేద్దాం. సర్ఫేస్ ప్లేటుకు (నిక్కచ్చిగా చదునైన పలకకు) ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పూసి, గైడ్‌వేకు రుద్ది, రంగంటిన ఎత్తులను గీకి, మళ్లీ రుద్దాలి. ఒక్కో విడతకు పోయేది కొద్ది మైక్రాన్లు, 0.1 మి.మీ. అరుగుదల అంటే 100 మైక్రాన్లు. అది ఒక్క తలానికి. తలం చదునైతే చాలదు, కాలమ్‌కు లంబంగా రావాలి. ఇంత గీకాక టేబుల్ కిందికి దిగుతుంది, లీడ్ స్క్రూ తన నట్టుకు తిన్నగా ఉండదు. దానికోసం టర్సైట్ అనే ప్లాస్టిక్ పట్టీ అంటించి ఎత్తు పూరించాలి, ఆ పట్టీనీ మళ్లీ గీకాలి. ఇదంతా సరదాగా చేసేవాడు హాయిగా కొనుక్కోవచ్చు. వచ్చే వారానికి ఆర్డరు ముక్కలు ఇవ్వాల్సినవాడు గేజ్ పెట్టెలో సర్దుకుని బయల్దేరాలి.

గేజ్ ఒప్పుకుంటే ఇక మోయించడమే. హెడ్‌ను (స్పిండిల్ ఉండే తలను) తలకిందులుగా తిప్పి, దాన్ని మోసే రామ్ వెనక్కి లాగి, టేబుల్‌ను అట్టడుగుకు దించి, లాకులన్నీ బిగించండి. దాదాపు టన్ను బరువు, అందులో ఎక్కువ పైనే. ఒక వైపు ఒరిగిందంటే పట్టుకోబోకండి, పక్కకు తప్పుకోండి.