వేప ఎండితే జవాబు చెప్పేదెవరు?

ఆషాఢంలో బోనం కుండకు చుట్టే నాటికి వేప మండ పచ్చగానే ఉంటుంది. భాద్రపదం వచ్చేసరికి అదే చెట్టు కొసలు మాడినట్టు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి ఒక రెమ్మను వంచి చూడండి. చివర జానెడు మేర ఆకులు గోధుమ రంగుకు తిరిగి, రాలకుండా అట్లాగే వేలాడుతుంటాయి. ఆ భాగం పుటుక్కున విరుగుతుంది. దానికి బెత్తెడు కింద మాత్రం కొమ్మ ఇంకా పచ్చిగా ఉంటుంది. వంగుతుంది గానీ విరగదు. తెగులు కొస నుంచి మొదలై మొదలు వైపు దిగుతోందన్నమాట.

2021 వానాకాలం నుంచి తెలంగాణలో ఊరూరా జనం ఈ దృశ్యం చూస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అనేక చోట్ల ఇదే పరిస్థితి. అక్కడ వేప రాష్ట్ర వృక్షం కూడా. మొదట్లో కొందరు వేపకూ కరోనా సోకిందని భయపడ్డారు, ఇంకొందరు అరిష్టమన్నారు. నిజానికి ఇది ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం తెచ్చే కొమ్మ ఎండు తెగులు. శాస్త్రవేత్తలు డైబ్యాక్ అంటారు. మన దేశంలో దీన్ని 1990లలోనే గుర్తించారు. టీ దోమ అనే పురుగు లేత చిగుళ్లను గుచ్చి రసం పీల్చి చేసే గాయాలు శిలీంధ్రానికి దారి ఇస్తాయి. వాన చినుకుల తుంపర, గాలి దాన్ని పక్క కొమ్మకూ పక్క చెట్టుకూ మోస్తాయి. తెగులు ముదిరిన చెట్టుకు కాయ నిలవదు, గింజ దక్కదు.

అయితే జనానికి గట్టిగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. ఇట్లా మాడినట్టు కనిపించే వేపల్లో చాలా వరకు చావవు. ఎండలు ముదిరేసరికి మళ్లీ చిగురిస్తాయి. ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మొదటి నుంచీ ఈ మాటే చెబుతున్నారు. ఎండిన కొమ్మలు కత్తిరించి తీసేయాలి, శిలీంధ్రానికి, టీ దోమకు సకాలంలో మందు కొట్టాలి, చెట్టును మాత్రం నరకొద్దు అన్నది వారి సలహా. ఆ సలహా పత్రికల్లో వస్తుంది, ఆ సీజన్ గడిచిపోతుంది, మరుసటి ఏడాది తెగులు మళ్లీ వస్తుంది. ఈ మధ్యలో ఎన్నో ఊళ్లలో పోచమ్మ గుడి ముందు, బడి ఆవరణలో, రచ్చబండ మీద నీడనిచ్చే చెట్లు ఎండిపోయాయన్న తొందరపాటుతో గొడ్డలికి బలవుతున్నాయి. నలభై ఏళ్ల వేపను కొట్టేయడానికి ఒక పూట చాలు. చిగురిస్తుందో లేదో తేలాలంటే ఆరు నెలలు ఆగాలి. ఆగమని ఊరికి అధికారికంగా చెప్పే మనిషి లేడు.

అసలు లోటు ఇక్కడే ఉందని మా అభిప్రాయం. తెగులేమిటో తెలుసు, ఏం చేయాలో తెలుసు. ఎవరు చేయాలన్నదే ఎక్కడా రాసి లేదు. పొలంలో వరికి అగ్గి తెగులు వస్తే రైతు వ్యవసాయ విస్తరణ అధికారికి ఫోన్ చేస్తాడు. తెలంగాణలో అయిదు వేల ఎకరాలకు ఒకరు చొప్పున ఆ అధికారులు ఉన్నారు కూడా. వీధిలో వేపకు తెగులొస్తే అది పంట కాదు కనుక ఆయన పని కాదు. అడవిలో లేదు కనుక అటవీ శాఖదీ కాదు. పండ్ల చెట్టు కాదు, ఉద్యాన శాఖకు పట్టదు. మున్సిపాలిటీ సిబ్బంది వస్తారు గానీ కొమ్మ తీగలకు తగిలినప్పుడో, గాలివానకు విరిగి దారికి అడ్డం పడినప్పుడో వస్తారు. ఇంతమంది నడుమ చెట్టు దిక్కులేనిదైంది.

చట్టాలు లేక ఇట్లా జరుగుతోందా అంటే, అదీ కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీ 1919లోనే వ్యవసాయ చీడపీడల చట్టం తెచ్చింది. ఈ దేశంలో అటువంటి చట్టాల్లో అది మొదటిది. దాని పద్ధతి సూటిగా ఉంటుంది. ఫలానా పురుగునో తెగులునో ఫలానా ప్రాంతంలో చీడగా ప్రభుత్వం ప్రకటిస్తుంది. తీసుకోవలసిన చర్యలు చెబుతుంది. భూమి గలవాడు ఆ చర్య తీసుకోకపోతే తనిఖీ అధికారి నోటీసు ఇచ్చి, తానే ఆ పని చేయించి, ఖర్చు వసూలు చేస్తాడు. నూరేళ్ల కిందటి పాలకులు తెగులుకు గట్టు అడ్డం కాదని గ్రహించారు. ఒక రైతు ఊరుకుంటే పక్క రైతు మునుగుతాడు కనుక బాధ్యతను పేరు పెట్టి అప్పగించారు. కానీ అది పొలాన్ని చూసి కుట్టిన చొక్కా. వీధి చెట్టుకు సరిపోదు.

ఇక ఇటీవలి చట్టాల సంగతి. ఉమ్మడి రాష్ట్రం 2002లో తెచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా)లో చెట్ల అధ్యాయం ప్రధానంగా నాటడం, నరకడం చుట్టూ తిరుగుతుంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018, మున్సిపాలిటీల చట్టం 2019 ఇంకో అడుగు ముందుకు వేశాయి. హరిత బడ్జెట్‌కు 10 శాతం నిధులు కేటాయించాలన్నాయి. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలనీ, లేకపోతే ప్రజాప్రతినిధులు, అధికారులు జవాబుదారీ కావాలనీ నిర్దేశించాయి. మొక్క చస్తే పదవికే ముప్పు తెచ్చే నిబంధన పెట్టడం సాహసమే, దాన్ని మనసారా మెచ్చుకుంటున్నాం. అయితే ఆ లెక్క నిన్న నాటిన మొక్కది. తాతల నాటి నుంచి నిలబడి ఉన్న చెట్టు ఆ రిజిస్టర్‌లోకి ఎక్కదు. అది ఎండినా ఏ శాతమూ తగ్గదు.

నియమం లేకపోతే మంచి సలహా కూడా ఎట్లా వికటిస్తుందో చూడండి. ఎండిన కొమ్మలు కత్తిరించి కాల్చేయమంటారు శాస్త్రవేత్తలు. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలేమో చెత్తను ఆరుబయట కాల్చవద్దంటాయి. రెండూ న్యాయమైనవే. ఫలితం మాత్రం, కత్తిరించిన మండలు రోడ్డు పక్కన కుప్పగా పడి ఉంటాయి, వానకు తడుస్తాయి, ఆ కుప్ప మీది శిలీంధ్రం మళ్లీ పైనున్న చిగుళ్లకే ఎగబాకుతుంది. తెగులు సోకిన కొమ్మల కోసం డంపింగ్ యార్డులో విడిగా ఒక గొయ్యి తవ్వి, అదే రోజు తరలించి పూడ్చాలని ఒక్క వాక్యం రాసిపెడితే ఈ చిక్కు తీరుతుంది. కొమ్మలు కొట్టే తీరూ అంతే. ఏటా వానలకు ముందు కరెంటు తీగల కింద కొమ్మలు నరికేస్తారు. ఒక చెట్టు మీద వాడిన కత్తినే తుడవకుండా ఇంకో చెట్టు మీద పెడతారు. మోడు చీలిపోయేలా నరుకుతారు. ఆ చీలికల్లో నీరు నిలిచి ఏ తెగులుకైనా చోటు దొరుకుతుంది. విద్యుత్ సిబ్బందికి కొమ్మ కొట్టే పద్ధతి నేర్పడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

మందుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇళ్ల మధ్య ఉన్న ఎత్తయిన చెట్టుకు పిచికారీ చేస్తే ఆ తుంపర కింద ఆరేసిన బట్టల మీద, నీళ్ల తొట్టి మీద, బడి పిల్లల మీద పడుతుంది. వేప పూతకు తేనెటీగలు వస్తాయి. ఆ పువ్వే ఉగాది పచ్చడిలోకి వస్తుంది. అందుకే పూత మీద పురుగుమందు కొట్టరాదు, ముందురోజు దండోరా వేయించకుండా వీధిలో పిచికారీ చేయరాదు అని నియమంలోనే ఉండాలి. ఎప్పుడు కొట్టకూడదో చెప్పడం ఎంత ముఖ్యమో కోనసీమ కొబ్బరి నేర్పింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో మన దేశంలో తొలిసారి కనిపించిన రుగోస్ సర్పిలాకార తెల్లదోమ ఎక్కువ కాలం పట్టకుండానే గోదావరి జిల్లాలకు చేరింది. ఆకులు మసి పూసినట్టు నల్లబడుతుంటే రైతులు కంగారుపడి మందులు కొట్టబోయారు. వద్దన్నారు శాస్త్రవేత్తలు, ఆ విషం తెల్లదోమను అదుపు చేసే ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవినే ముందు చంపుతుందన్నారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం మిత్రపురుగులను, తెల్లదోమకు తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందించింది. ఆ ఒక్క కేంద్రం చూపిన దారి ఎన్ని డబ్బాల మందు కన్నా విలువైనది.

ఇదే తెల్లదోమ ఇంకో పాఠమూ చెప్పింది. చీడ తన రెక్కల మీద కన్నా మన లారీల మీదే దూరం వెళుతుంది. కడియం నర్సరీల నుంచి దేశం నలుమూలలకూ మొక్కలు పోతుంటాయి. తెలంగాణలో ప్రతి పంచాయతీకీ సొంత నర్సరీ ఉంది. వేప తెగులు గింజ ద్వారా కూడా వస్తుంది కనుక, తెగులున్న చెట్టు కింద ఏరిన గింజతో పెంచిన మొక్క ఊరంతటికీ తెగులును పంచినట్టే. మొక్కలు బయటికి పంపే ముందు నారును పరిశీలించి, అనుమానం ఉన్నదాన్ని తీసేసే అధికారం, బాధ్యత ఒకరికి ఉండాలి.

బయటి దేశాల అనుభవం కొంత పనికొస్తుంది. బ్రిటన్‌లో ఎల్మ్ చెట్లను కోట్ల సంఖ్యలో ఒక శిలీంధ్రం తినేసింది. 1984లో అక్కడి ప్రభుత్వం కొన్ని స్థానిక సంస్థలకు ప్రైవేటు స్థలంలోకి వెళ్లి తనిఖీ చేసే, తెగులు సోకిన చెట్టును తీసివేయించే అధికారం ఇచ్చింది. పట్టు వదలని బ్రైటన్ నగరంలో నేటికీ వేల ఎల్మ్‌లు నిలిచి ఉన్నాయి. కానీ ఆ చట్టాన్ని యథాతథంగా తెచ్చుకుంటే వేపకు చేటు. ఎల్మ్‌ను కాపాడాలంటే జబ్బు చెట్టును వెంటనే కొట్టేయాలి. వేపను కాపాడాలంటే కొట్టకుండా ఆపాలి. అందుకే మన నియమం మన చెట్టును చూసి రాసుకోవలసిందే.

మేము కోరుతున్నది పెద్ద యంత్రాంగం కాదు. పంచాయతీలో కార్యదర్శి, పట్టణంలో వార్డు అధికారి పేరుతో చెట్ల ఆరోగ్య బాధ్యత రాతపూర్వకంగా ఉండాలి. జులై నుంచి డిసెంబరు దాకా నెలకొకసారి బహిరంగ స్థలాల్లోని పెద్ద చెట్లను చూసి నమోదు చేయాలి. తెగులు కనిపిస్తే వ్యవసాయ విస్తరణ అధికారి వచ్చి చూడటం ఆయన విధుల్లో భాగం కావాలి. తెగులు సోకిందన్న కారణంతో వేపను నరకడానికి వేసవి చిగురు చూసే దాకా అనుమతి ఇవ్వకూడదు. కొమ్మ విరిగి మనిషి మీద పడే ప్రమాదం ఉంటే అది వేరు; అక్కడ ఆలస్యం చేయరాదు. 85 శాతం లెక్కలో నిలిచి ఉన్న చెట్లనూ చేర్చాలి. తెలంగాణ గ్రామాల్లో ట్రాక్టరు ఉంది, ట్యాంకరు ఉంది, హరిత బడ్జెట్ ఉంది. పొడవాటి కత్తెర, రెండు రోజుల శిక్షణ తోడైతే పని మొదలవుతుంది.

ఇది నీడ కోసమే అడగడం లేదు. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేప నూనె పూత తప్పనిసరి. ఆ నూనెకు గింజ ఎండాకాలంలో చెట్ల కింద వంగి పండ్లు ఏరే పేద మహిళల చేతుల మీదుగా వస్తుంది. కాయ నిలవని ఏడాది వాళ్ల గంపలు ఖాళీ. ఆ నష్టం ఏ పంట నష్టం జాబితాలోనూ ఉండదు, పరిహారమూ రాదు.

రెండు రాష్ట్రాల పంచాయతీరాజ్, పురపాలక శాఖలు వచ్చే వానాకాలానికి ముందే ఈ నియమాలు జారీ చేయాలి. అవి వచ్చేదాకా చూస్తూ కూర్చోనక్కర్లేదు. తొలకరికి ముందు జరిగే గ్రామసభలో ఊరి వేపల జాబితా రాసి, ఒక్కో చెట్టు ఎదుట ఒక్కో బాధ్యుడి పేరు పెట్టి తీర్మానం చేయడానికి ఏ సర్పంచికీ పైనుంచి జీవో అక్కర్లేదు.