డెస్క్‌టాప్‌ను రోజూ కొండెక్కించే ఆచారం గురించి

తిరుపతిలోని మా కార్యాలయం పది గంటలకు తెరుచుకున్నా పని మాత్రం పదకొండింటికి గానీ మొదలు కాదని గిట్టనివారు చెప్పుకుంటున్నారు. ఇది అన్యాయమైన మాట. ఆ గంటసేపూ మా రోమింగ్ ప్రొఫైళ్ళు, అంటే ఏ కంప్యూటరులో లాగిన్ అయినా మన వెంట వచ్చే సొంత అమరికలు, ఫైళ్ళు, సర్వరు నుండి ప్రయాణంలో ఉంటాయి. ఏ కంప్యూటరు ఖాళీగా ఉంటే దాని ముందు కూర్చోవడం మా అలవాటు. లాగాఫ్ కాగానే స్థానిక నకలు చెరిగిపోవడం మా నియమం. డెస్క్‌టాప్ కూడా ప్రొఫైల్‌లో భాగమే కనుక, దాని మీద భద్రపరచిన మేనకోడలి ఓణీల ఫంక్షన్ వీడియో సైతం ప్రతి ఉదయం కొత్తగా తరలిరావలసిందే.

సామాను లాకరులో పెట్టి, ఒంటి మీది బట్టలతో అలిపిరి మెట్లెక్కే యాత్రికులను చూసి నేర్చుకోవచ్చు కదా అని ఒక కుర్ర ఇంజినీరు అన్నాడు. డాక్యుమెంట్లను, డెస్క్‌టాప్‌ను హోం డైరెక్టరీకి (సర్వరులో ఒక్కొక్కరికి కేటాయించిన సొంత ఫోల్డరుకు) మళ్ళించే ఫోల్డర్ రీడైరెక్షన్ విండోస్ 2000 నాడే వచ్చిందట. అలా చేస్తే ఫైళ్ళు సర్వరులోనే ఉండి, అడిగినది మాత్రమే వస్తుందట. మాకు హోం డైరెక్టరీలు లేకపోలేదు. వాటికి దారిగా అందరికీ హెచ్ డ్రైవ్ కేటాయించాము. గృహప్రవేశానికి ఇంకా ముహూర్తం కుదరలేదు, అంతే.

ప్రొఫైళ్ళ షేరులో, అంటే సర్వరులో వాటిని దాచే ఉమ్మడి ఫోల్డరులో, ఒకే మనిషికి పలు ఫోల్డర్లున్నాయన్నది అతని రెండవ ఫిర్యాదు. విండోస్ తరాన్ని బట్టి పేరు చివర వేరే తోకతో కొత్త ఫోల్డరు పుడుతుంది. విండోస్ ఎక్స్‌పీ నాటిది తోక లేనిది. విస్టా, 7 కాలానిది వి2. 8కి వి3, 8.1కి వి4, తొలి విండోస్ 10కి వి5, 2016లో వచ్చిన దాని 1607 వెర్షను నుండి వి6. అవతారాలు పదికి ఇంకా నాలుగే తక్కువైన దశలో పాతవాటిని తుడిచివేయమనడం ఎంతటి అపచారం! మా సూపరింటెండెంట్ గారికి వీటిలో మూడున్నాయి. పాత రెండింటిలో పనికివచ్చేదేమీ లేదని ఆయన కాణిపాకంలో ప్రమాణం చేయడానికైనా సిద్ధమే గానీ, తీసివేయడానికి మాత్రం సంతకం పెట్టరు.

ఆ ఫోల్డర్లను తెరిచి చూద్దామంటే, మామూలు అమరికలో యజమానికి తప్ప అడ్మినిస్ట్రేటరుకు కూడా ప్రవేశం ఉండదు. మా పాత అడ్మినిస్ట్రేటరు ఒకసారి బలవంతంగా యాజమాన్యం తన పేరిట రాయించుకున్నాడు. మరునాడు ఫోల్డరు ఉద్యోగిది కాదని గుర్తించిన విండోస్, ఆ ప్రొఫైల్‌ను తెచ్చి ఇవ్వనని మొండికేసింది. ఇంటి తాళం పగలగొట్టి చూసిన పాపానికి ఇంటాయన వీధిన పడ్డాడు.

చివరకు ఒక కమిటీ వేశాము. ప్రొఫైళ్ళకు ఒక షేరు, హోం డైరెక్టరీలకు వేరొక షేరు, తలకొక కోటా అని తీర్మానించారు. తీర్మానం ప్రతి అధ్యక్షుల వారి డెస్క్‌టాప్ మీద ఉంది. వారు ఈ ఉదయం పది గంటలకే లాగిన్ అయ్యారు. తెర మీద ‘స్వాగతం’ ఇంకా తిరుగుతూనే ఉంది.