అయిపోయే ఆటలే నాకిష్టం

వీడియో గేమ్‌లంటే నాకు ప్రాణం. ఆ ప్రాణం విసిగిపోయింది కాబట్టే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాను. ఈ మధ్య వస్తున్న పెద్ద గేమ్‌లలో చాలావాటికి ముగింపు ఉండదు. రాయడం చేతకాక కాదు, కావాలనే పెట్టరు. సీజన్ మీద సీజన్, రోజువారీ లక్ష్యాలు, వారం వారం సవాళ్లు, ఈ రోజు లాగిన్ అయితే బహుమతి, రేపు కాకపోతే ఇన్నాళ్ల వరుస తెగిపోతుందని హెచ్చరిక. ఆట బాగుండి లేవలేకపోవడం ఒకటి, లేస్తే ఏదో పోతుందన్న భయంతో కూర్చోవడం ఇంకొకటి. నేను డబ్బు పెట్టేది మొదటిదాని కోసం. నాకు అంటగడుతున్నది రెండోదాన్ని.

నాకు గేమ్‌లు కాక వేరే ఇష్టాలూ ఉన్నాయి. సాయంత్రం చాలాసేపు నడుస్తాను. మొక్కలు పెంచుతాను. పడుకునే ముందు నాలుగు పేజీలైనా చదవకపోతే నిద్ర పట్టదు. ఉద్యోగం, ఇంటి పని, ఇవన్నీ పోను రాత్రి గంటో గంటన్నరో మిగులుతుంది. చాలామంది పరిస్థితి ఇదే. ఆ కాస్త సమయాన్ని గౌరవించే ఆట ఏదో, దాన్ని పీల్చేసే ఆట ఏదో ఆడటం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది.

రెండు వ్యవసాయపు ఆటలు తీసుకోండి. 2009లో వచ్చిన ఫార్మ్‌విల్‌లో విత్తనం వేసి వెళ్తే పంట మన గోడ గడియారం ప్రకారం పండేది. వేళకు తిరిగి రాకపోతే వాడిపోయేది. మీరు నిద్రలో ఉన్నారా, ఆఫీసులో ఉన్నారా, జ్వరంతో పడుకున్నారా అన్నది దానికి అనవసరం. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీలోనూ పంటలే, రుతువులే. 28 రోజుల రుతువు మారగానే పాత కాలపు పైరు చచ్చిపోతుంది కూడా. కానీ ఆ 28 రోజులూ ఆటలోని రోజులు. మనం ఆడితేనే గడుస్తాయి. ఒక్కో రోజు సుమారు 14 నిమిషాలు. రాత్రి మంచమెక్కి పడుకోగానే ఆట సేవ్ అవుతుంది. అక్కడ ఆపేసి నెలల తర్వాత తిరిగి తెరిచినా, నీళ్లు పోసి వదిలిన వంకాయ మొక్క మర్నాటి ఉదయపు వెలుగులో మన కోసం అక్కడే ఉంటుంది. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని చేసిన ఆట అది. ఒక్కడికి తట్టిన మర్యాద వందలమంది పనిచేసే స్టూడియోలకు తట్టలేదంటే నేను నమ్మను. తట్టింది, వద్దనుకున్నారు.

బ్యాటిల్ పాస్ (సీజన్ కోసం డబ్బు కట్టి కొనే బహుమతుల పట్టీ) మీద నా కోపం కూడా ఇందుకే. 2013లో డోటా 2 అనే ఆన్‌లైన్ ఆట వార్షిక పోటీల సందర్భంగా అమ్మిన కాంపెండియం అనే డిజిటల్ పుస్తకంలో ఈ పద్ధతి మొలకెత్తింది, ఫోర్ట్‌నైట్‌తో ప్రపంచమంతా పాకింది. ముందు డబ్బు కడతాం. కట్టినంత మాత్రాన వస్తువులు చేతికి రావు. సీజన్ ముగిసేలోగా ఇన్ని మెట్లు ఎక్కితేనే వస్తాయి. ఎక్కలేకపోతే కొన్నదానిలో మిగిలిందంతా పోయినట్టే. డబ్బూ మనదే, చాకిరీ కూడా మనదే, గడువు మాత్రం వాళ్లది. ఇంకో దారి లేదా అంటే ఉంది. 2021లో వచ్చిన హేలో ఇన్ఫినిట్‌లోనూ, 2024లో వచ్చిన హెల్‌డైవర్స్ 2లోనూ కొన్న పాస్‌లకు గడువు తీరదు. తీరిక దొరికినప్పుడు పూర్తి చేసుకోవచ్చు. అంటే గడువు లేకుండా ఆట నడవదన్న వాదనలో పస లేదు.

ఇక నాకు నిజంగా ఇష్టమైన సంగతికి వస్తాను. 2018లో లూకస్ పోప్ చేసిన రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ అనే ఆట అది. 1807లో, సముద్రంలో గల్లంతైందనుకున్న ఓడ ఒకటి బతికి ఉన్న మనిషి ఒక్కరూ లేకుండా రేవుకు తిరిగొస్తుంది. బయల్దేరినప్పుడు అందులో ఉన్నవాళ్లు 60 మంది. వాళ్లలో ఎవరు ఎవరు, ఎవరికి ఏమైంది అన్నది తేల్చడం మన పని. మన దగ్గర ఒక జేబు గడియారం ఉంటుంది. అస్థిపంజరం పక్కన దాన్ని తెరిస్తే ముందు చీకట్లో మాటలు వినిపిస్తాయి, ఆపైన ఆ మనిషి ప్రాణం పోయిన క్షణం కదలకుండా కళ్ల ముందు నిలబడుతుంది. దాని చుట్టూ తిరిగి చూడవచ్చు. అంతకు మించి చేయగలిగింది లేదు. పేలిన తుపాకీ పొగ గాల్లో అలాగే ఉంటుంది, పరుగెత్తుతున్నవాడి కాలు నేలకు ఆనదు.

మొదట్లో చూపంతా చనిపోతున్న మనిషి మీదే ఉంటుంది. పోనుపోను పక్కకు మళ్లుతుంది. నావికులు పడుకునే గుడ్డ ఉయ్యాలలు కనిపిస్తాయి, వాటికి కట్టిన అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలు సిబ్బంది జాబితాలోని వరుస సంఖ్యలేనని తట్టినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. (ఆట ఆడనివాళ్లు క్షమించాలి, ఈ ఒక్క ఆధారం తప్ప ఇంకేదీ బయటపెట్టను.) ఆట ఆ సంగతిని నోరు తెరిచి చెప్పదు, బాణం గుర్తు పెట్టి చూపదు. ముగ్గురి వివరాలు సరిగ్గా కుదిరాకే అవునని ఒప్పుకుంటుంది కాబట్టి గుడ్డిగా ఊహిస్తే పని జరగదు. నోటుబుక్కులో పేర్లు రాసుకున్నాను. సాయంత్రం నడకలో కూడా ఎవరి యాస ఏది, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు అనే ఆలోచిస్తూ తిరిగాను. కంప్యూటర్ ఆపేశాక కూడా ఆట నన్ను వదల్లేదు. అందుకు దానికి ఒక్క నోటిఫికేషన్ కూడా పంపాల్సిన అవసరం రాలేదు.

అది అయిపోయింది. జవాబులు తెలిసిపోయాయి కనుక మళ్లీ కొత్తగా ఆడలేను. 2019 నాటి ఔటర్ వైల్డ్స్ కూడా అంతే. అందులో 22 నిమిషాలకోసారి అంతా మొదటికి వస్తుంది. తర్వాతి చుట్టుకు మనతో వచ్చేది తెలుసుకున్న విషయం ఒక్కటే, ఆయుధాలూ శక్తులూ ఏవీ పెరగవు. ఒక్కసారే ఆడగలిగిన ఆటకు అంత డబ్బా అని అడిగేవాళ్లున్నారు. అవును, సంతోషంగా ఇస్తాను. గంటలు లెక్కపెట్టి ఆటకు విలువ కట్టడం మనమే నేర్చుకున్నాం, కంపెనీలు దాన్ని వాడుకుంటున్నాయి. వంద గంటల ఆట అని అట్ట మీద గొప్పగా రాసుకుంటారు. లోపల అరవై గంటలు మ్యాప్ మీద గుర్తులు చెరిపే పని. కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్‌లో ఏ పెద్ద ఆటకైనా అచీవ్‌మెంట్ల శాతాలు, అంటే ఆడేవాళ్లలో ఎంతమంది ఎంతవరకు వెళ్లారన్న లెక్కలు, అందరికీ కనిపిస్తాయి. మొదటి అధ్యాయం దగ్గర ఎంత ఉందో, చివరి అధ్యాయం దగ్గర ఎంత ఉందో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఆ కథను రాసినవాళ్లకు, చివరి సన్నివేశానికి సంగీతం కట్టినవాళ్లకు అది న్యాయమా?

స్నేహితులతో కలిసి ఆడే పోటీ ఆటల మీద నాకు పగ లేదు. టెట్రిస్‌కు 1984 నుంచీ కథ లేదు, అయినా ప్రతి ఆటా ఓటమితోనో రికార్డుతోనో ముగుస్తుంది. లేచి వెళ్లిపోవచ్చు. ఒక మ్యాచ్ ఆడి నవ్వుకుని పడుకోవచ్చు. ఆ మ్యాచ్ అవగానే తెర మీద ఇంకో మూడు పనుల పట్టీ వేలాడదీయడం మీదే నా అభ్యంతరం. పాజ్ గురించీ ఒక మాట. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ అద్భుతం, కానీ ఒంటరిగా ఆడుతున్నప్పుడు కూడా మామూలు పాజ్ బటన్ లేదు. తలుపు కొట్టినవాళ్లను ఆగమనలేం కదా. కష్టమైన ఆట చేయండి, ఎంత కష్టమైనా సరే, మధ్యలో లేచే హక్కు మాత్రం ఉంచండి.

ముగింపు రాయని ఆటకు ముగింపే రాదనుకోకండి. ఆటను ఇంటర్నెట్‌లో నడిపే కంపెనీ కంప్యూటర్‌ను, అంటే సర్వర్‌ను, ఆపేసిన రోజున వస్తుంది. ఫార్మ్‌విల్‌ను 2020 డిసెంబర్ 31న ఆపేశారు. 2014లో వచ్చిన కార్ల ఆట ది క్రూలో ఒంటరిగా తిరగడానికి కూడా సర్వర్ కావాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆగిపోయాయి, డిస్కు చేతిలో ఉన్నవాళ్లకు కూడా ఆట లేకుండా పోయింది. ఆ వెంటనే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ స్టాప్ కిల్లింగ్ గేమ్స్ (ఆటలను చంపడం ఆపండి) ఉద్యమం మొదలుపెట్టారు. యూరోపియన్ యూనియన్‌లో పెట్టిన పౌరుల వినతికి 2025 జులైలో సంతకాలు 10 లక్షలు దాటాయి. వాళ్లు సర్వర్లను కలకాలం నడపమనడం లేదు. ఆపేముందు, కొన్నవాళ్లు తమంతట తాము ఆడుకునే ఏర్పాటు చేసి వెళ్లమంటున్నారు. అది కుదరని పనేమీ కాదు. నాకౌట్ సిటీ అనే ఆన్‌లైన్ ఆటను 2023లో మూసేటప్పుడు, సొంతంగా సర్వర్ నడుపుకునే రూపాన్ని దాన్ని తయారుచేసినవాళ్లే విడుదల చేశారు. 2012లో మూతపడిన ఇంకో ఆన్‌లైన్ ఆట సిటీ ఆఫ్ హీరోస్‌ను అభిమానులు బతికించుకున్నారు, 2024లో వాళ్ల సర్వర్‌కు అధికారిక అనుమతి కూడా వచ్చింది.

నేనూ డబ్బు పెట్టి కొన్న ఒక ఆన్‌లైన్ ఆట అలాగే పోయింది. దాని పేరు ఇప్పుడు అనవసరం. పోయింది ఆట ఒక్కటే కాదు. అందులో నేను కట్టుకున్న ఇల్లు, దాని ముందు కలుసుకున్న మనుషులు, సగంలో ఆగిన కథ, అన్నీ పోయాయి. ఆ కథ చివర ఏమి రాయాలనుకున్నారో ఎవరూ చెప్పలేదు, అసలు అనుకున్నారో లేదో కూడా తెలియదు. ఆ బాధ ఇంకా తగ్గలేదు. అప్పటి నుంచి ఏ ఆటనైనా కొనేముందు ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందా, చివర ఉందా అని చూస్తున్నాను. రెండింటికీ లేదని వస్తే ఎంత గొప్ప ఆటైనా పక్కన పెడుతున్నాను.

పది గంటల లోపు అయిపోయి, ఆ తర్వాత పది రోజులు బుర్రలో తిరిగిన ఆట మీకేదైనా ఉంటే కింద పేరు రాయండి. పేరు చాలు, కథ చెప్పకండి. ఈ శనివారం రాత్రి ఖాళీగా ఉన్నాను.