అదునా, పదునా?

(చలికాలం చివర. పగలు ఎండ, రాత్రి మంచు. పెరట్లో విత్తనాలు ఇప్పుడే వేయాలా, ఆగాలా అని అక్కాతమ్ముళ్ల వాదన.)

తమ్ముడు: నాలుగు రోజులుగా ఎండ బాగా కాస్తోంది. ఇంకా విత్తనాల డబ్బా మూత తీయనంటావేంటక్కా? అదునులో చల్లితే పొదలో వేసినా పండుతుందంటారు.

అక్క: అదును సరే, మట్టి పదును మాటేంటి? మట్టి విత్తనానికి సిద్ధమైందా? ఎండ నీ వీపుకి తగిలింది గానీ మట్టిలోకి దిగలేదు. పొద్దున్నే థర్మామీటరు ఐదు సెంటీమీటర్ల లోతున గుచ్చి చూడు. మధ్యాహ్నం చూస్తే మోసపోతావు. వరసగా నాలుగైదు రోజులు పొద్దుటి లెక్క చూడాలి. బీన్స్‌కి 15 డిగ్రీలైనా ఉండాలి.

తమ్ముడు: బీన్స్ ఎవరు వేస్తానన్నారు? నేనంటున్నది బఠాణీ, పాలకూర, ముల్లంగి. అవి 5 డిగ్రీల్లోనూ మొలుస్తాయి.

అక్క: మొలుస్తాయి, ఎన్నాళ్లకి? 5 డిగ్రీల్లో బఠాణీకి నెల దాటుతుంది. 10 ఉంటే రెండు వారాల్లో పైకొస్తుంది. ఆ నెలంతా గింజ తడిమట్టిలో పడి ఉంటే ఎలుకలో, బూజో చూసుకుంటాయి.

తమ్ముడు: సరే, ఆ 10 కోసం నువ్వు కూర్చో. ఎండలు ముదిరాక బఠాణీ పూత రాలిపోతుంది. పాలకూరైతే ఎండ దాకా కూడా ఆగదు, పగటిపొద్దు 14 గంటలకు చేరితే చాలు, ఆకు మానేసి పూతకాడ వేస్తుంది. ముందు పోగొట్టుకున్న రెండు వారాలు చివర్లో ఎవరిస్తారు? నీ థర్మామీటరిస్తుందా?

అక్క: పాలకూర విషయంలో నీ మాట కాదనను. దానికి ఆగితే నష్టమే. కానీ వేసే ముందు మట్టి పిడికెడు తీసి ఉండ కట్టు. వేలితో పొడిస్తే పొడిపొడిగా విడిపోవాలి. ముద్దలా ఉండిపోయినా, వేళ్లకి అంటినా పార వేయకూడదు, మడిలో కాలూ పెట్టకూడదు. తడిమట్టిని తొక్కితే గాలి ఆడే సందులు మూసుకుపోతాయి, ఆరాక పెళ్లలు కడుతుంది. ఆ మడి మళ్లీ గుల్లబారడానికి ఏడాది పట్టినా పట్టొచ్చు. ఇక బీన్స్ గింజ సంగతి విను. పొడిగింజ మొదటి తడి పీల్చుకునేటప్పుడు ఆ తడి మరీ చల్లగా ఉంటే లోపలి కణాల పొరలు దెబ్బతిని చక్కెరలు బయటికి కారతాయి. వాటి కోసం పిథియం బూజు చేరుతుంది. గింజ తవ్వి చూసి ‘నాసిరకం విత్తనం’ అని తిడతారు, పాపం దాని తప్పేముంది? క్యాబేజీది మరో తిక్క. కాండం పెన్సిలు మందం దాటిన నారు 10 డిగ్రీల లోపు చలిలో కొన్ని వారాలుంటే గడ్డ కట్టకుండానే పూతకొచ్చేస్తుంది. తొందరపడి ముదురు నారు నాటినందుకు అదీ ఫలం.

తమ్ముడు: మట్టి చల్లగా ఉంటే వేడెక్కించుకోవచ్చుగా! రెండు మూడు వారాల ముందు నల్ల ప్లాస్టిక్ షీటు పరిస్తే సరి.

అక్క: నల్లది కాదు, పారదర్శకమైనది. నల్లషీటు తానే వేడెక్కి కూర్చుంటుంది. మట్టికి అతుక్కుని లేకపోతే ఆ వేడి కిందికి దిగదు.

తమ్ముడు: పారదర్శక షీటు కింద కలుపు ఎలా మొలుస్తుందో చూశావా?

అక్క: మొలవనీ. షీటు తీశాక పైపైన గీకేసి విత్తనం వేయి, కలుపు పీడా పోతుంది.

తమ్ముడు: అంటే రెండు పనులు. నల్లదైతే ఒకటే.

అక్క: నీ షీటు నీది. ముందు మడి మీదున్న ఎండుటాకుల దుప్పటి పక్కకి లాగు. అదుంటే ఏ రంగు షీటు వేసినా దండగే.

తమ్ముడు: టమాటాకైనా తేదీ ఉందిగా. సగటున ఆకుల మీద గడ్డకట్టే మంచు ఆఖరిసారి పడే రోజు చూసుకుని నాటేస్తే ఏం?

అక్క: సగటంటే ఏంటి? ఇంచుమించు సగం ఏళ్లలో ఆ తేదీ తర్వాత కూడా మంచు పడుతుంది. మబ్బు, గాలి లేని రాత్రయితే గాలిలో 2 డిగ్రీలున్నా ఆకు మీద మంచు పేరుతుంది. ఆ తేదీకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఇంట్లో నారు పోసుకో, మిరపకి ఇంకో రెండు వారాలు కలుపు. దీపం మొక్కకి దగ్గరగా, రోజుకి 14 గంటలైనా వెలగాలి, లేకపోతే నారు పీచులా సాగుతుంది. తడి ఎక్కువైతే మొదలు దగ్గర నారుకుళ్లు. నాటే ముందు వారం, పది రోజులు నారుని కొద్దికొద్దిగా బయటి ఎండకి, గాలికి అలవాటు చేసి గట్టిపరచాలి. మొదటి రోజు నీడలో గంటసేపు చాలు.

తమ్ముడు: ఏ తేదీనీ నమ్మకపోతే ఎప్పటికీ నాటలేం. పైన గుడ్డ కప్పొచ్చుగా?

అక్క: పలచటి గుడ్డ ఒకటి రెండు డిగ్రీలే కాపాడుతుంది. ప్లాస్టిక్ అయితే ఆకుకి తగిలిన చోటల్లా మాడుతుంది, పొద్దున్నే తీయకపోతే లోపల ఉడికిపోతుంది. రాత్రి 10 డిగ్రీల కిందికి దిగినన్నాళ్లు టమాటా ఎలాగూ ఎదగదు. రెండు వారాలాగి నాటింది, ముందు నాటినదాన్ని అందుకుంటుంది.

తమ్ముడు: టమాటాకి ఆగుతా. ఎత్తుమడిలో మట్టి మాత్రం ఇప్పుడే పొడిచి చూశా, విడిపోతోంది. బఠాణీ అక్కడ వేస్తా.

అక్క: ఎత్తుమడి నీరు త్వరగా వదులుతుంది, వేడీ ముందే ఎక్కుతుంది. వెయ్యి. మూడు సెంటీమీటర్ల లోతు చాలు. సగం గింజలు మాత్రం డబ్బాలోనే ఉంచు.