ఏఐ ఉంటే రివ్యూ అక్కర్లేదా?

"ఏఐ కోడింగ్ టూల్స్ ఉంటే టీమ్ పని సగం సమయంలో అయిపోతుంది, టెస్టులూ అవే రాస్తాయి కాబట్టి రివ్యూ అక్కర్లేదు, ఇక కొత్తవాళ్లను తీసుకోవడం దండగ" అన్న మాట ఈమధ్య తెగ తిరుగుతోంది. రివ్యూ అంటే ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చదివి తప్పులు పట్టడం; టెస్టులంటే కోడ్ సరైన జవాబు ఇస్తోందో లేదో సరిచూసే చిన్న ప్రోగ్రాములు. ఆ మాట నమ్మి గడువులు కుదించే మేనేజర్లు ఉన్నారు, ఆ గడువుల కింద నలిగిపోయే టీములూ ఉన్నాయి. అందుకే ఒక్కో ముక్కా విప్పి చూడాలి.

ముందు సగం సమయం సంగతి. దీనికి తరచూ చూపే ఆధారం గిట్‌హబ్ కోపైలట్ అనే ఏఐ కోడింగ్ టూల్ మీద 2023లో వెలువడిన అధ్యయనం. జావాస్క్రిప్ట్ భాషలో ఒక హెచ్‌టీటీపీ సర్వర్ (బ్రౌజర్ అడిగిన పేజీలు పంపే ప్రోగ్రాము) రాయమంటే, టూల్ వాడినవారు 55.8 శాతం తక్కువ సమయంలో ముగించారు. నిజమే. కానీ అది సున్నా నుంచి మొదలయ్యే చిన్న పని. ఏళ్ల తరబడి పెరిగిన కోడ్‌లో, ఎవరో ఎందుకో పెట్టిన షరతుల మధ్య మార్పు చేయడం వేరు. 2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లతో, వారు బాగా ఎరిగిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించి చూసింది. ఏఐ వాడనిచ్చిన పనులకు, వాడనివ్వని వాటికన్నా 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. అంతా అయ్యాక కూడా తమకు 20 శాతం సమయం కలిసొచ్చిందనే వాళ్లు నమ్మారు. 16 మంది అంటే చిన్న సంఖ్య, అప్పటి టూల్స్ కూడా మారిపోయాయి. ఆ 19 శాతాన్ని శిలాశాసనంగా పట్టుకోనక్కర్లేదు. "త్వరగా అయినట్టుంది" అన్న మాటను మాత్రం లెక్కలో వేయకూడదు. పని మొదలైనప్పటి నుంచి అది వినియోగదారుల దగ్గర నిలకడగా నడిచేదాకా ఎంత పట్టిందో కొలవాలి.

టెస్టులుంటే రివ్యూ ఎందుకన్న వాదన అన్నిటికన్నా ప్రమాదకరం. నెల లావాదేవీల రిపోర్టు తీసే కోడ్ రాయమని టూల్‌ను అడిగారనుకుందాం. అది 1 నుంచి 31వ తేదీ వరకు అని షరతు పెడుతుంది. లావాదేవీలు సమయంతో సహా నమోదైన చోట, ఉత్త తేదీ ఇస్తే డేటాబేసు దాన్ని సాధారణంగా ఆ రోజు 00:00 గంటలుగా తీసుకుంటుంది. 31న జరిగినవి దాదాపు అన్నీ రిపోర్టులోంచి జారిపోతాయి. అదే టూల్ రాసిన టెస్టులో 5, 12, 20 తేదీలే ఉంటే అది హాయిగా పాసవుతుంది. కోడ్‌లోని అపోహే టెస్టులోకీ దిగుతుంది. కాబట్టి ఏది ఇస్తే ఏ జవాబు రావాలో ముందు మనిషి రాయాలి, కోడ్ ఆ తర్వాతే రాయించాలి. పుల్ రిక్వెస్టు (కోడ్‌లో చేసిన మార్పును కలుపుకోమని టీముకు పంపే అభ్యర్థన) ఒక్క బిగిన చదవగలిగేంత చిన్నదిగా ఉండాలి. ప్రతి లైనూ ఎందుకుందో పంపినవారు చెప్పగలగాలి; "అది ఏఐ రాసింది" అన్నది జవాబు కాదు. లేని ప్యాకేజీల (ఇతరులు రాసిపెట్టిన, మన కోడ్‌లోకి తెచ్చుకునే రెడీమేడ్ కోడ్) పేర్లను కూడా ఈ టూల్స్ కల్పిస్తాయి. ఆ పేరుతో ఎవరైనా హానికరమైన కోడ్ పెడితే అది నేరుగా మన సిస్టంలోకి వస్తుంది.

కొత్తవాళ్లు దండగా? ఆ 31వ తేదీ తప్పును పట్టే కన్ను ఎవరికీ పుట్టుకతో రాదు, ఇతరుల కోడ్ చదివి చదివి వస్తుంది. వాళ్లకు టూల్ రాసిన కోడ్ ఇచ్చి, ఏ డేటా ఇస్తే తప్పు జవాబు వస్తుందో కనిపెట్టమనండి. ఆ తప్పును బయటపెట్టే టెస్టునే వాళ్ల మొదటి పుల్ రిక్వెస్టుగా పంపమనండి.